బక్కయ్య మేస్త్రి మనిషి

భూపాలపల్లి,
9 జూన్ 2024

పాలకుర్తిలో ఉన్న మా మేనమామ బక్కయ్య మేస్త్రికి, కోడలు ఎస్తేరు వందనాలు.

మామా, డోర్నకల్ పోయి అమ్మను చూసి వస్తానని చెప్పి వచ్చాను. అమ్మను చూశాను. కానీ పాలకుర్తికి తిరిగి రాలేదు. నాకు జ్వరమని మీరు అనుకుంటున్నారట, అమ్మ చెప్పింది. జ్వరం లేదు. నేను భూపాలపల్లిలో ఉన్నాను.

ఫోన్ చేసి చెబుదామంటే రాళ్లు కోసే మిషన్ నీ చెవులను ఎప్పుడో మింగేసింది. నీ ఇంటి కోడలు శ్రీలతక్క నీ చెవిలో అరిచి చెబితే నీకంటే ముందు వాడకట్టంతా వింటుంది. పైగా ఇక్కడ పని గేటు దగ్గరే ఫోన్లు తీసి పెట్టుకుంటారు. అందుకే ఉత్తరం.

ఇక్కడ ఒక కంపెనీ ఇళ్ల సముదాయం కడుతోంది. ఏడు నెలలు అప్రెంటిస్‌గా పెట్టుకొని ఇటుక పని నేర్పుతారు. ముందు రేకుల షెడ్డులో, తర్వాత నిజం గోడ మీద. చివర పరీక్ష ఉంటుంది. ఇటుకతో మూల ఎత్తాలి. మూల నిలబడితే తాపీ మేస్త్రి అని కాగితం ఇస్తారు. ఆడ మేస్త్రికి, మగ మేస్త్రికి కూలి ఒక్కటేనట.

నీ గుంపులో మూలలు ఎత్తేది నువ్వూ, నీ కొడుకు చిరంజీవి బావా మాత్రమే. మిగతా మేస్త్రీలు రెండు మూలల నడుమ దారం కట్టి ఇటుక నింపుతారు. మేం ఆడవాళ్లం తట్టలు మోస్తాం. నేను ఆరేళ్లు మోశాను. నువ్వు చాయకు పోయినప్పుడు తప్ప తాపీ ముట్టుకోలేదు. ముట్టుకున్న సంగతి నీకు తెలుసు, తెలిసీ ఏమీ అనలేదు. అడిగితే మాత్రం వద్దనేవాడివి. అందుకే అడగకుండా వచ్చాను. నాకు మూల ఎత్తాలని ఉంది మామా. ఇంకేం లేదు.

ఇక్కడ తలకు టోపీ, నడుముకు బెల్టు, కాళ్లకు బూట్లు ఇచ్చారు. బూట్లు ఆడవాళ్ల కొలతలో లేవు. రెండు జతల మేజోళ్లు తొడిగి బాతులాగా నడుస్తున్నాను. చిలుకమ్మ అత్తకు చెప్పు, నవ్వుతుంది.

నీ కోడలు
ఎస్తేరు

*

పాలకుర్తి,
24 జూన్ 2024

కోడలు ఎస్తేరుకు మామ బక్కయ్య ఎవరితోనూ రాయించకుండా సొంత చేత్తో రాసుకుంటున్నది.

నీ ఉత్తరం అందింది. చిలుకమ్మ బాతు సంగతి విని నవ్వింది. నేను నవ్వలేదు.

నువ్వు పోయినందుకు కాదు నా బాధ. పనివాళ్లు వస్తారు, పోతారు. కానీ మా పనికి ఒక పద్ధతి ఉంది. ఒక మేస్త్రి మనిషిని ఇంకో మేస్త్రి తీసుకోవాలంటే వచ్చి అడుగుతాడు. ఇద్దరూ హోటల్లో కూర్చొని చాయ తాగుతారు. పాత మేస్త్రి "ఇడిసిన" అంటాడు, అంటే వదిలిపెట్టినట్టు. ఆ మాట పడేదాకా ఆ మనిషి కొత్తచోట తాపీ పట్టకూడదు. జనగామ నుంచి తొర్రూరు దాకా ఏ మేస్త్రిని అడిగినా ఇదే చెబుతాడు. మీ కంపెనీవాళ్లు వచ్చి నన్ను అడిగారా? నాకు చాయ పోశారా? మనిషిని కోడిపిల్లలాగా ఎత్తుకుపోతే ఎట్లా?

నేను జనగామలో మా ఉస్తాద్ దగ్గర నాలుగేళ్లు తట్ట మోశాను. ఇంకో ఏడాది గోడల సందులు పూశాను. ఆ తర్వాత ఆయన కొత్త తువ్వాల భుజాన కప్పి తాపీ చేతిలో పెట్టాడు. ఆ రోజు మా అమ్మ ఏడ్చింది. ఏడు నెలల్లో మేస్త్రి అవుతారా? కడుపులో బిడ్డకు కూడా నెలలు నిండవు.

పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మీకు బెల్లు కొడతారని మీ అమ్మ చెప్పింది. తట్టలో కలిపిన సిమెంటు మాల్ ఉండగా బెల్లు కొడితే ఏం చేస్తారు? సిమెంటుకు బెల్లు వినబడుతుందా? నాకే వినబడదు.

నీ చోట్లో లతను పెట్టాను. ఆటో నడిపే కుమారు భార్య. మంచి మనిషి, గట్టిగా మోస్తుంది. నీలాగా ఎదురు మాట్లాడదు.

మంచిగా తిను. పైకి ఎక్కకు.

ఎవరూ అడగని మేస్త్రి,
బక్కయ్య

*

భూపాలపల్లి,
18 ఆగస్టు 2024

మామకు వందనాలు.

కోపం తగ్గిందని అమ్మ చెప్పింది. తగ్గకపోయినా రాస్తున్నాను.

షెడ్డులో మేం పొద్దున కట్టిన గోడను సాయంత్రం మేమే కూల్చాలి. అందుకే సిమెంటు కలపరు, మట్టీ సున్నమూ కలిపి ఇస్తారు. ఇటుకలు గీకి, కడిగి, మర్నాడు మళ్లీ పేరుస్తాం. మొదటి రోజు నాకు ఏడుపొచ్చింది. నా చేత్తో కట్టిన మొదటి గోడ అది. పక్కన నిలబడి "కొట్టు" అన్నారు. కొట్టాను. ఇప్పుడు అలవాటైపోయింది. మన పనిలో గోడ కొంచెం వంగినా ప్లాస్టరింగ్ కప్పేస్తుందని నువ్వే అంటావు. ఇక్కడ కప్పేదేమీ లేదు. వంగితే వంగిందని అందరికీ కనబడుతుంది.

బెల్లు సంగతి అడిగావు కదా. బెల్లుకు పావుగంట ముందు నుంచే మాల్ కలపడం ఆపేస్తారు. అంతే మామా. దానికి పెద్ద చదువేం అక్కరలేదు.

నాతో పాటు నీలి అని మహబూబాబాద్ దగ్గరి తండా పిల్ల ఉంది. రాత్రి పడుకునే ముందు మీ ఊళ్లో ఎవరి గోడ వంకర అని అడుగుతుంది. నేను పేర్లు చెబుతాను. నీ పేరు చెప్పలేదు, పరేషాన్ కాకు.

వచ్చే నెల మమ్మల్ని నిజం పని మీద పెడతారు. అక్కడి మేస్త్రి పేరు రాజలింగు. తొర్రూరు మనిషి. మమ్మల్ని చూడడానికి షెడ్డుకు వచ్చాడు. నా ముందు ఆగి, "ఎవల మనిషివి పిల్లా?" అన్నాడు. కంపెనీ పేరు చెప్పాలి. నా నోటికి అది రాలేదు. "పాలకుర్తి బక్కయ్య మేస్త్రి మనిషిని" అన్నాను. ఆయన తల ఊపాడు. అట్లా చెప్పినందుకు నాకు గర్వంగానే ఉండింది, దాచుకోవడం ఎందుకు?

ఎస్తేరు

*

పాలకుర్తి,
2 సెప్టెంబరు 2024

కోడలు పిల్లకు మామ దీవెనలు.

నా పేరు చెప్పావు, చాలు. నాకు ఎవరూ చాయ పోయకపోయినా ఫరవాలేదు.

రాజలింగు నాకు బాగా ఎరుక. ఇద్దరం పడుచుతనంలో వర్ధన్నపేటలో ఒకే గోడకు చెరో మూల ఎత్తాం. అతని మూల నాకంటే ముందు లేచింది, కానీ నా మూల నిలువు చూసే గుండుకు తప్పలేదు. మాట ఇస్తే తప్పడు. అన్నం తినేటప్పుడు మాత్రం పక్కవాడి కూర చూస్తాడు.

తొర్రూరు పోయే వడ్ల లారీ డ్రైవర్‌తో అతని ఇంటికి కబురు పంపాను. చెప్పవలసింది చెప్పించాను. నువ్వు నిశ్చింతగా ఉండు.

మొన్న వల్మిడి దారిలో ఒక ఇంటికి స్లాబు పోశాం. యజమాని యాటను కోసి అందరికీ మాంసం కూర పెట్టాడు. నీ వాటా లత తిన్నది. మీ అత్తకు నీ పెళ్లి సంబంధం పిచ్చి పట్టింది. జఫర్‌గఢ్ నుంచి ఒకరు వచ్చి "పిల్ల ఏం పని చేస్తది?" అని అడిగారు. "భూపాలపల్లిలో చదువుతున్నది" అన్నది మీ అత్త. "ఏం చదువు?" అన్నారు. "గోడల చదువు" అన్నది. చాయ తాగి పోయారు. మళ్లీ రాలేదు.

చింతకాయ తొక్కు సీసాలో పోసి మీ అమ్మకు పంపాను. ఆమె పంపిస్తుంది.

నీ మామ
బక్కయ్య మేస్త్రి

*

భూపాలపల్లి,
6 అక్టోబరు 2024

మామకు,

తొక్కు అందింది. నీలి సగం తిన్నది.

నిజం పని మీదికి వచ్చి నెల దాటింది. మాతో నేర్చుకున్న మగపిల్లలందరూ పరంజా మీద ఉన్నారు. నీలి కూడా రెండో అంతస్తులో ఉంది. నేను కింద ఉన్నాను. తట్ట మోస్తున్నాను. బూట్లు, బెల్టు, టోపీ అన్నీ వేసుకొని నీ దగ్గర మోసిన తట్టే ఇక్కడా మోస్తున్నాను.

రోజూ అడుగుతున్నాను. రాజలింగు మేస్త్రి నన్ను కసురుకోడు. మెత్తగానే చెబుతాడు, "నేనేం జెయ్యాలె బిడ్డా, మీ మామ మాట నేను దాటను" అని. గట్టిగా అడిగితే ఇటుకల లెక్క చూడమంటాడు.

దీని అర్థం నాకు తెలుసు. నువ్వు ఆ "ఇడిసిన" అనే మాట ఇంకా అనలేదు. నేను అడగకుండా వచ్చానని నీ మనసులో ఉంది. ఉత్తరంలో దీవెనలు రాస్తావు, కబురులో మాత్రం పట్టుకొని ఉంటావు. గోడ మీద పని చేసినట్టు మేస్త్రి సంతకం లేకపోతే నన్ను పరీక్షకు కూర్చోనివ్వరు. జనవరిలో పరీక్ష.

నన్ను వదలడం ఇష్టం లేకపోతే సూటిగా రాయి. అప్పుడు ఏం చేయాలో నేను చూసుకుంటాను.

ఎస్తేరు

*

పాలకుర్తి,
21 అక్టోబరు 2024

ఎస్తేరుకు మామ రాయునది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు రాసింది అన్యాయం. నేను నిన్ను పట్టుకోలేదు. ఇడిసిన అనే చెప్పించాను. దానితో పాటు ఒక్క మాట చెప్పించాను, "పిల్లను మంచిగ చూసుకో, పైకి ఎక్కనియ్యకు" అని. అది నీ మేలుకు చెప్పిన మాట. నువ్వు మా చెల్లెకు ఒక్కగానొక్క బిడ్డవు. డోర్నకల్‌లో ఆమె రైలు కూత వింటూ కూర్చుంటుంది. నీకేమన్నా అయితే ఆమెకు నేను ఏ ముఖం చూపాలి? రాజలింగు నా మాట నిలబెట్టాడంటే అతన్ని మెచ్చుకోవాలి.

నా భయం ఉత్త భయం కాదు. పోయిన మంగళవారం లత పడింది. మొదటి అంతస్తు పరంజా మీద తట్ట అందిస్తుంటే కట్టె జరిగింది. ఇసుక కుప్ప మీద పడింది కాబట్టి ప్రాణం దక్కింది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర రెండు తునకలైంది. జనగామ దవాఖానకు నేనే తీసుకుపోయాను. దారి పొడుగునా ఆమె అరుస్తూనే ఉందట, నాకు సగమే వినబడింది. వాళ్ల చిన్నపిల్ల ఆటోలో నా ఒళ్లో కూర్చొని నా ముఖమే చూసింది.

ఇప్పుడు చెప్పు, నేను తప్పు చెప్పించానా? ఆడపిల్లలకు పైన పని వద్దనేది ఇందుకే.

రెండు రోజుల నుంచి పని ఆపేశాం. వాన కూడా పట్టుకుంది.

బక్కయ్య

*

భూపాలపల్లి,
27 అక్టోబరు 2024

మామకు,

లత సంగతి చదివి అన్నం తినలేదు.

లత ఆడది కాబట్టి పడలేదు. బెల్టు లేదు కాబట్టి పడింది. పరంజా కట్టెలకు కట్టిన తాడు పాతది కాబట్టి పడింది. ఆ తాడు నాకు తెలుసు. నేను ఆరేళ్లు ఆ కట్టెల మీదే తట్ట అందించాను. అప్పుడు నువ్వు ఎక్కొద్దని ఎప్పుడూ అనలేదు. తట్టతో ఎక్కితే భయం లేదు, తాపీతో ఎక్కితే భయమా?

ఇంకో మాట రాస్తున్నాను, నీకు కోపం వచ్చినా సరే. నేను నీ చెల్లె బిడ్డను కాబట్టి ఇక్కడ బెల్టు ఉండి కూడా కింద ఉన్నాను. లత నీకు ఏమీ కాదు కాబట్టి అక్కడ బెల్టు లేకుండా పైన ఉంది. నీ ప్రేమ నన్ను నేల మీద కట్టేసింది. నీ పని లతను పైనుంచి పడేసింది. రెండూ నువ్వే చేశావు మామా.

నాకు చాలా కోపంగా ఉంది. ఏడుపు కూడా వస్తోంది. రాజలింగుకు ఏం చెప్పమని నేను నిన్ను అడగను. నీకు తోచింది చెయ్యి.

ఎస్తేరు

*

భూపాలపల్లి,
12 నవంబరు 2024

మామకు వందనాలు.

నువ్వు హన్మకొండలో బస్సు మారి, పరకాల మీదుగా వచ్చి, నాతో మాట్లాడకుండానే తిరుగు బస్సెక్కావు. నన్ను చూడలేదో, చూసీ చూడనట్టు పోయావో తెలియదు. నేను ఇసుక జల్లెడ పక్కన తట్ట పట్టుకొని నిలబడి ఉన్నాను. జరిగిందంతా చూశాను. నీకు వినబడనిది కూడా విన్నాను. అందుకే రాస్తున్నాను.

గేటు దగ్గర నీ తలపాగా తీయించి టోపీ పెట్టారు. అది నీ చెవుల దాకా దిగింది. నువ్వు మెల్లగా మాట్లాడుతున్నాననుకున్నావు. "రాజలింగూ, నా మాట వాపస్ తీసుకుంటున్న. పిల్లను పైకి ఎక్కియ్యి" అన్నావు. మూడో అంతస్తులో ఉన్నవాళ్లు కూడా పని ఆపి కిందికి చూశారు. రాజలింగు ఏదో అన్నాడు, నీకు వినబడలేదు. ఆయన ఇటుక పెళ్ల తీసుకొని పూత లేని గోడ మీద రాశాడు, "పడితే?" అని. నువ్వు ఆ పెళ్లే తీసుకొని కింద రాశావు, "బెల్టు." ఆయన అది చదివి నీ ముఖం చూశాడు. తర్వాత ఇద్దరూ చాయకు పోయారు.

ఆ గోడకు ఇంకా పూత వేయలేదు. అందరూ చదువుతున్నారు.

చాయ తాగి వచ్చి రాజలింగు నాతో, "మీ మామ ఇడిసిండు. ఇగ నువ్వు నా మనిషివి" అన్నాడు. సంతోషంగానే చెప్పాడు. నేను కూడా సంతోషపడాలి. కానీ నేను అక్కడే ఉన్నాను కదా మామా. నువ్వు ఇచ్చావు, ఆయన పుచ్చుకున్నాడు. ఇద్దరిలో ఒక్కరూ నావైపు తిరిగి ఏమంటావని అడగలేదు. ఇది పోట్లాటకు రాయడం లేదు. నాకు అట్లా అనిపించింది, రాశాను.

మర్నాడు ఎక్కాను. పైకి పోయాక నాకు భయం వేసింది. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. బెల్టు కొక్కెం తగిలించి కూడా కాసేపు గోడ పట్టుకొనే నిలబడ్డాను. అక్కడి నుంచి చెల్పూరు కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనబడతాయి. వాటినే చూస్తూ ఊపిరి పీల్చుకున్నాను. మధ్యాహ్నానికి దారం వెంబడి నా మొదటి వరస పడింది.

వచ్చినందుకు, నీకు దండం మామా.

ఎస్తేరు

*

పాలకుర్తి,
26 డిసెంబరు 2024

కోడలు ఎస్తేరుకు మామ, అత్తల దీవెనలు. క్రిస్మస్ పండుగ బాగా జరిగింది. గుడిలో పాదిరి గారి వాక్యం నాకు వినబడదు కాబట్టి చల్లగా కునుకు తీశాను.

నిన్ను చూశాను. మాట్లాడితే ఏం మాట్లాడాలో తెలియక బస్సెక్కాను.

బెల్టులు తెప్పించాను. తెప్పించాక తెలిసింది, తగిలించడానికి చోటే లేదు. మన కట్టెల పరంజాకు తగిలిస్తే మనిషితో పాటు కట్టె కూడా వస్తుంది. ఇనుప గొట్టాల పరంజా కిరాయికి తెచ్చాను. మీ దగ్గర కొక్కెం దేనికి తగిలిస్తారో, ఆ తాడు ఎక్కడ కడతారో బొమ్మ గీసి పంపు. మన మేస్త్రీలు బెల్టు చూసి ఎద్దు మెడకు పట్టెడ కట్టినట్టుందని నవ్వుతున్నారు. చిరంజీవి మాత్రం శ్రీలత పోరు పడలేక కట్టుకుంటున్నాడు.

అసలు విషయం ఇది. మన మండలంలో ఒక బడికి గదులు, ప్రహరీ కట్టే పని ఉంది. నాకు వచ్చేలా ఉంది. చాలా రోజుల పని. కానీ ఇంజినీరు సారు గుంపులో నేర్చుకొని పరీక్ష పాసైన మేస్త్రి ఒక్కరన్నా ఉండాలన్నాడు. నేను నలభై ఏళ్ల నుంచి మేస్త్రినని చెప్పాను. "ఉన్నరా లేరా, అది చెప్పు పెద్దమనిషీ" అన్నాడట. చిరంజీవి చెబితే తెలిసింది. "ఉన్నది, మా కోడలు" అన్నాను.

అందుకని రాజలింగుకు కబురు పంపాను. పద్ధతి ప్రకారమే అడిగాను. పరీక్ష కాగానే నిన్ను వదలమన్నాను. సరేనన్నాడు. కాబట్టి నీ సామాను సర్దుకో. చిరంజీవి వచ్చి తీసుకొస్తాడు.

నీ మామ
బక్కయ్య

*

భూపాలపల్లి,
8 జనవరి 2025

మామకు, అత్తకు వందనాలు.

పరీక్ష అయింది. మూల ఎత్తాను.

నాలుగో వరస పెట్టాక గుండు వేస్తే మూల బయటికి వచ్చింది. కొంచెమే. పూత వేస్తే ఎవరికీ తెలియదు. చూసేవాళ్లు ఇంకా అవతలి పిల్లాడి దగ్గరే ఉన్నారు. నేను రెండు వరసలు ఊడదీశాను. ఊడదీయడం షెడ్డులో బాగా అలవాటైంది కదా. మళ్లీ ఎత్తాను. బెల్లుకు కొంచెం ముందు ముగించాను. గుండు వేశారు, మట్టం పెట్టారు, చుట్టూ తిరిగారు. "పాస్" అన్నారు. నీలి కూడా పాసైంది. ఇద్దరం గోడ వెనక కూర్చొని ఏడ్చాం. ఎందుకు ఏడ్చామో తెలియదు.

నువ్వు అడిగిన బొమ్మ వెనక పేజీలో ఉంది. తాడు పరంజాకు కట్టరు. పక్కన గట్టిపడిన స్తంభానికి కడతారు. చిరంజీవి బావకు చూపించు.

సాయంత్రం రాజలింగు వచ్చి, "మీ మామ అడిగిండు. ఇడిసిన. పో బిడ్డా" అన్నాడు. మంచి మనిషి. పరంజా కింద నిలబడి చివరి రోజు దాకా నా కొక్కెమే చూశాడు. నేను ఆయనతో, "మీకు మీకు మాట అయింది. నన్నైతే ఎవలు అడగలే" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. "ఇగ అడిగేదేముంది, ఇడిసిన కదా" అన్నాడు.

కంపెనీ ఇంజినీరమ్మ మమ్మల్ని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచింది. "ఎస్తేరూ, ఇక్కడ మేస్త్రిగా ఉంటావా? నెలాఖరులోగా చెప్పు" అని అడిగింది. ఈ ఏడు నెలల్లో నన్ను అడిగింది ఆమె ఒక్కతే.

చిరంజీవి బావను పంపవద్దు. నేను సామాను సర్దలేదు. నీ మీద కోపం లేదు మామా, ఒట్టు. నీ దగ్గరే పని నేర్చుకున్నానని ఇక్కడ అందరికీ చెబుతాను. కానీ నేను రావాలని నీకు ఉంటే, ఆ సంగతి రాజలింగుకు చెప్పేది కాదు. లత ఎట్లా ఉందో ఏ ఉత్తరంలోనూ రాయలేదు. అది కూడా రాయి.

ఎస్తేరు

*

పాలకుర్తి,
20 జనవరి 2025

ఎస్తేరుకు,

నువ్వు పాసైన సంగతి చిలుకమ్మ వాడకట్టంతా చెప్పింది. జఫర్‌గఢ్ దాకా పోతుంది, చూస్తూ ఉండు. నేను ఎవరికీ చెప్పలేదు. నీ ఉత్తరం జేబులో పెట్టుకొని తిరిగాను.

ముందు లత సంగతి. ఆమె గురించి రాయకపోవడానికి కారణం, నేను వాళ్లింటికి పోలేదు. నీ ఉత్తరం చదివాక పోయాను. కట్టు విప్పారు. చెయ్యి ఇంకా పూర్తిగా తిరగడం లేదు. పని మొదలవుతుంది, వస్తావా అని అడిగాను. "తట్టకైతే రాను. తాపీ ఇస్తే వస్త" అన్నది. చెయ్యి నయమయ్యేదాకా ఆగుతుందట. నీలాగా ఎదురు మాట్లాడదని రాశాను కదా, తప్పు రాశాను. నేను తల ఊపాను. కానీ ఆడవాళ్లకు తాపీ నేర్పడం నాకు తెలియదు. ఇంతవరకు ఎవరికీ నేర్పలేదు.

నిన్ను అడగాలని మూడు కాగితాలు మొదలుపెట్టి చింపాను. మా పనిలో మనిషిని అడిగే అలవాటు లేదు. మేస్త్రిని అడుగుతాం. ఎట్లా రాయాలో చిరంజీవిని అడిగితే, వాడు శ్రీలతను అడగమన్నాడు. శ్రీలత "ఉన్నదున్నట్టు రాయి మామయ్యా" అన్నది. అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నువ్వు రాకపోతే బడి పని వేరే గుంపుకు పోతుంది. దాని కోసం పిలవడం లేదని రాద్దామనుకున్నాను. అది అబద్ధం. దాని కోసం కూడా పిలుస్తున్నాను. ఇక్కడ మీ కంపెనీలాగా బెల్లు లేదు. ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఇంకా కట్టించలేదు, పని మొదలయ్యేలోగా కట్టిస్తాను. కూలి చిరంజీవికి ఎంతో నీకూ అంతే. మన మేస్త్రీల్లో ఇద్దరు ఆడదాని దారం వెంబడి ఇటుక పెట్టేది లేదన్నారు. పెట్టనివాళ్లను పొమ్మన్నాను. ఒకడు పోయాడు.

అక్కడ ఉండడమే నీకు మంచిదనిపిస్తే అక్కడే ఉండు. నేను నొచ్చుకుంటాను, కానీ మీ అమ్మతో నీ గురించి ఒక్క మాట కూడా తప్పుగా అనను.

రాజలింగును అడగలేదు. మీ అమ్మను అడగలేదు. నిన్ను అడుగుతున్నాను. ఎస్తేరూ, మా గుంపులోకి మేస్త్రిగా వస్తావా?

బడి గదికి పునాది వేరే గుంపు వేసి పోయింది, గోడలే మిగిలాయి. ఇంజినీరు సారు ఈ నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. మూడు మూలలు నేనూ చిరంజీవీ ఎత్తుతాం. ఈశాన్య మూల ఎవరికీ చెప్పలేదు.

బక్కయ్య